ఉప్పుగాలికి తట్టుకునే గేటు సామాను: బందులు, గడియలు, బోల్టుల ఎంపిక

విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ నుంచి భీమిలి దాకా సముద్రం వెంబడి ఉన్న ఇళ్ల గేట్లను పరిశీలిస్తే ఒకే రకమైన నష్టం పదే పదే కనిపిస్తుంది. గేటు రేకు మీద రంగు ఇంకా మెరుస్తూనే ఉంటుంది, చట్రం నిటారుగానే ఉంటుంది. కాని బందుల దగ్గర గోడ మీదికి ఎర్రటి చారలు దిగి ఉంటాయి, గడియ రెండు చేతులా లాగితే గాని కదలదు, తాళం వేసే చెవుల్లో ఒకటి ఊడిపోయి ఉంటుంది. ఎంతో ఖర్చు పెట్టి చేయించిన గేటును కొద్ది ఏళ్లకే మార్చవలసి వస్తే, దానికి కారణం తరచుగా మొత్తం ఖర్చులో అతి స్వల్ప భాగమైన ఈ సామానే. తీరప్రాంతంలో గేటు ఎన్నాళ్లు మన్నుతుందన్నది చట్రం బరువును బట్టి కాక, పిన్ను, స్క్రూ, స్ప్రింగు, వాషరు వంటి చిన్న భాగాలు ఏ లోహంతో చేసినవన్నదాన్ని బట్టి తేలుతుంది. గేటు చేయించేటప్పుడు డిజైను గురించి, రేకు మందం గురించి గంటల తరబడి మాట్లాడేవారు కూడా వీటి గురించి ఒక్క ప్రశ్న వేయరు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలకు సంబంధించినది.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. సముద్రపు గాలి వీటికి ఉప్పును జత చేస్తుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు గాలిలో ఆరి, ఉప్పు కణాలుగా మారి, లోహం మీద పేరుకుంటాయి. సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతానికి చేరితే తనంతట తాను నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే తేమ 33 శాతం దాటగానే చెమ్మగిల్లుతుంది. కోస్తా ఆంధ్రలో గాలి తేమ ఏడాదిలో ఎక్కువ కాలం 70 శాతం అటూ ఇటూ ఉంటుంది. అంటే వాన పడకపోయినా, చూపుకు పొడిగా ఉన్నా, ఉప్పు పేరుకున్న బందు నిజానికి రాత్రింబవళ్లు తడిగానే ఉంటుంది. పైగా ఆ తడి ఉప్పునీరు కావడం వల్ల విద్యుత్తును సులభంగా ప్రవహింపజేస్తుంది, దానిలోని క్లోరైడు అయాన్లు లోహం మీద ఏర్పడే రక్షణ పొరలను ఛేదిస్తాయి. హైదరాబాద్‌లో పదిహేనేళ్లు పనిచేసిన సామాను కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఎందుకు నిలవదన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది.

ఈ తేడాను అంకెల్లో చెప్పడానికి ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం వాతావరణాలను సి1 నుంచి సి5 వరకు, ఆపైన సిఎక్స్ అని ఆరు తరగతులుగా విభజించింది. మొదటి ఏడాదిలో మామూలు ఉక్కు ఎన్ని మైక్రాన్లు కరిగిపోతుందన్నది ఈ విభజనకు ఒక కొలమానం: సి2లో 1.3 నుంచి 25 మైక్రాన్లు, సి3లో 25 నుంచి 50, సి4లో 50 నుంచి 80, సి5లో 80 నుంచి 200, సిఎక్స్‌లో 200 నుంచి 700. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లు సి5లో ఉందనుకుని సామాను ఎంచుకోవడమే క్షేమం. ఏడాదికి 100 మైక్రాన్లు అంటే మిల్లీమీటరులో పదో వంతు. పన్నెండు మిల్లీమీటర్ల పిన్నుకు అది పెద్ద నష్టంగా తోచదు. కాని గేటు బందులో లెక్క వేరుగా ఉంటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. పిన్నుకు, దాని చుట్టూ ఉండే బుష్‌కు మధ్య సందు సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. పదో వంతు మిల్లీమీటరు ఇనుము పోయిన చోట అంతకు ఎన్నో రెట్ల తుప్పు చేరి ఆ సందును పూడ్చేస్తుంది. అందువల్ల బందు బలం తగ్గి విరగడానికి చాలా ముందే బిగుసుకుపోతుంది; బిగుసుకున్న గేటును బలవంతంగా తోసినప్పుడు వెల్డింగు అతుకు మీద, గోడలోని పట్టు మీద భారం పడి అవి చిట్లుతాయి. గేటు కూలిందంటే అది ఈ వరుసలో ఆఖరి మెట్టు మాత్రమే.

బందులో మరో ప్రమాదం సందుల్లోనే దాగి ఉంటుంది. గాలి ఆడని ఇరుకు సందులో ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది, బయట మాత్రం పుష్కలంగా ఉంటుంది. ఈ తేడా వల్ల సందు లోపలి లోహం కరుగుతూ, అక్కడి నీరు క్రమంగా ఆమ్లంగా మారుతూ, క్లోరైడును మరింతగా తనవైపు లాక్కుంటుంది. వాషరు కింద, స్క్రూ తల కింద, రెండు పలకలు అతుక్కున్న చోట, పిన్ను చుట్టూ జరిగేది ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా దీనికి అతీతం కాదు. కనుక ఒక బందును చేతిలోకి తీసుకున్నప్పుడు దాని మెరుపు కన్నా ముందు చూడవలసింది నీరు నిలిచే చోట్లు ఎన్ని ఉన్నాయన్నది: అడుగున మూసేసిన బుష్, నీరు పోవడానికి రంధ్రం లేని గిన్నె, చుట్టూ నిండుగా కాక చుక్కలుగా మాత్రమే వెల్డింగు చేసిన పలక. వీటిని వదిలేయడం లోహం రకాన్ని ఎంచుకోవడంతో సమానమైన నిర్ణయం.

ఇల్లు సముద్రానికి ఎంత దూరంలో ఉందన్నది మొదటి ప్రశ్నే గాని ఏకైక ప్రశ్న కాదు. గాలిలోని ఉప్పు మొదటి కొన్ని వందల మీటర్లలోనే బాగా పడిపోతుంది. కాని అడ్డు లేని మైదానంలోనూ, రుషికొండ వంటి ఎత్తయిన ఒడ్డు మీదా అది మరింత లోపలికి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పటి వంటి తుపానులు ఉప్పునీటిని మామూలు రోజుల్లో చేరని వీధులకు కూడా మోసుకువెళతాయి. విశాఖలో దీనికి తోడు రేవు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం ఉన్న పారిశ్రామిక గాలి ఉంది; గంధకపు వాయువులు ఉప్పుతో కలిసినప్పుడు విడివిడిగా చేసే హాని కన్నా ఎక్కువ చేస్తాయి. అంతకన్నా తక్కువగా గుర్తించే విషయం వాన. వాన నేరుగా తగిలే భాగం మీది ఉప్పు ఏటా కొంత కడుక్కుపోతుంది. చూరు కింద, గేటు పైకప్పు నీడలో, గడియ పెట్టె అడుగున ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు. తీరంలో తలుపుగొళ్లేన్ని వానకు తడవకుండా దాచితే అది ఎక్కువ కాలం ఉంటుందనే నమ్మకం అందుకే తరచుగా తిరగబడుతుంది. కడిగేవారు లేకపోతే ఆ చోటే ముందుగా పాడవుతుంది.

ఇక లోహాల విషయానికి వస్తే, అత్యధిక గందరగోళం స్టెయిన్‌లెస్ స్టీలు చుట్టూనే ఉంది. ఫ్యాబ్రికేషన్ షాపులో ‘ఎస్ఎస్’ అన్న రెండక్షరాల కింద కనీసం మూడు వేర్వేరు ఉక్కులు అమ్ముడవుతాయి. ఏ ఉక్కైనా స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే దానిలో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. ఆ క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కంటికి కనిపించని, కొన్ని నానోమీటర్ల మందం గల పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316 రకంలో నికెల్ మరికొంత ఎక్కువగా ఉండి, 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది. ఈ మాలిబ్డినమే క్లోరైడు పొడిచే గుంటలను అడ్డుకునే గుణాన్ని గణనీయంగా పెంచుతుంది. 202 వంటి 200 వరుస రకాల్లో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు కలుపుతారు. కొత్తలో మెరుపు అంతే ఉంటుంది, ధర తక్కువ, లోపలి పట్టణాల్లో మెట్ల కమ్మీలకు సరిపోవచ్చు కూడా. సముద్రపు ఒడ్డున మాత్రం 202 గేటు కొన్ని నెలల్లోనే గోధుమరంగు మచ్చలు పడుతుంది. ‘ఎస్ఎస్ కూడా తుప్పు పడుతుంది’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటి వెనుక ఉన్నది ఈ రకమే.

గుంటలు పడకుండా నిలిచే శక్తిని పోల్చడానికి లోహశాస్త్రంలో ఒక సూచిక వాడతారు: క్రోమియం శాతానికి, మాలిబ్డినం శాతాన్ని 3.3తో హెచ్చించి కలిపి, నత్రజని శాతాన్ని 16తో హెచ్చించి కలుపుతారు. ఈ లెక్కన 304కు సుమారు 18 నుంచి 20, 316కు సుమారు 24 నుంచి 26, డ్యూప్లెక్స్ 2205 అనే రకానికి 35 దాకా వస్తుంది. దీన్ని బట్టి తీరానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, లోపలి వైపు ఉన్న ఇళ్లకు 304 చాలు. అలల చప్పుడు వినిపించేంత దగ్గరలో 316కు తగ్గకూడదు. తుంపరలు నేరుగా తగిలే చోట, లేదా సరిగా కడగడం సాధ్యంకాని చోట 2205 ఆలోచించదగినది. ఆస్ట్రేలియాలో అద్దాల కంచెలను నేలకు బిగించే పట్టు దిమ్మెలను 2205తో చేసి అమ్మడానికి కారణం, అవి ఉప్పునీరు నిలిచే చోట, నేల మట్టంలో ఉండడమే.

రకం ఒక్కటే సరిపోదు, ఉపరితలపు నునుపు కూడా అంతే ముఖ్యం. గరుకుగా గ్రైండింగు చేసిన 316 మీద ఉప్పు గీతల్లో ఇరుక్కుని, నున్నగా పాలిష్ చేసిన 304 కన్నా ముందే మచ్చలు పడే సందర్భాలున్నాయి. ఉపరితలపు గరుకుదనం సగటున 0.5 మైక్రాను లోపు ఉండాలని తీరప్రాంతాలకు ఆస్ట్రేలియా స్టెయిన్‌లెస్ పరిశ్రమ సూచిస్తుంది. అద్దంలా మెరిసే పాలిష్ ఈ అవసరాన్ని తీరుస్తుంది. వెల్డింగు చేసిన చోట ఏర్పడే నీలి, గోధుమ రంగు కందుదనాన్ని ఆమ్లపు పేస్టుతో తొలగించి, లోహానికి రక్షణ పొర తిరిగి ఏర్పడేలా చేయకపోతే, ఖరీదైన 316 కూడా సరిగ్గా అతుకు పక్కనే చిల్లులు పడుతుంది. అదే షాపులో అదే బల్ల మీద మామూలు ఇనుమును గ్రైండరుతో కోస్తే, ఎగిరిన నిప్పురవ్వలు స్టెయిన్‌లెస్ మీద అంటుకుని తర్వాత తుప్పు చుక్కలుగా బయటపడతాయి. షాపును ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క విషయం గమనించినా ఆ పనివారి శ్రద్ధ ఎంతో తెలుస్తుంది.

రకాన్ని ఎలా నిర్ధారించుకోవాలన్నది సహజమైన ప్రశ్న. అయస్కాంతం పెట్టి చూడడం ఇక్కడ ఉపయోగపడదు. 202, 304, 316 మూడూ దాదాపుగా అయస్కాంతానికి అంటుకోనివే, పైగా వంచిన, సాగదీసిన చోట మంచి రకం కూడా కొద్దిగా అంటుకుంటుంది. మాలిబ్డినం ఉందో లేదో రంగు మార్పుతో చూపించే పరీక్ష చుక్కలు దొరుకుతాయి. పెద్ద పాతసామాను వ్యాపారుల దగ్గర లోహాల శాతాలను క్షణాల్లో చెప్పే ఎక్స్‌రే పరికరం ఉంటుంది. బోల్టుల విషయంలో పని ఇంకా సులువు. ఐఎస్ఓ 3506 ప్రకారం చేసిన స్టెయిన్‌లెస్ బోల్టు తల మీద ఎ2-70 అని ఉంటే అది 304 కుటుంబానికి, ఎ4-70 లేదా ఎ4-80 అని ఉంటే 316 కుటుంబానికి చెందినది. తల మీద ఏ గుర్తూ లేని బోల్టును తీరంలో గేటుకు వాడకపోవడం మంచిది. స్టెయిన్‌లెస్ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టుకు పొడిగా బిగిస్తే మరలు ఒకదానికొకటి కరుచుకుపోయే గుణం ఉంది గనుక, బిగించే ముందు పట్టివేతను నివారించే పేస్టును కొద్దిగా రాయాలి.

అన్ని ఇళ్లకూ స్టెయిన్‌లెస్ గేటు అవసరం లేదు, అందుబాటులోనూ ఉండదు. వేడి జింకులో ముంచిన ఉక్కు ఇప్పటికీ నమ్మకమైన మార్గం, అయితే ‘జీఐ’ (గాల్వనైజ్డ్ ఐరన్, అంటే జింకు పూత ఇనుము) అన్న మాట వెనుక కూడా రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి సుమారు 450 డిగ్రీల వద్ద కరిగిన జింకులో ముంచి తీసినది. దాని మీద పూత 6 మిల్లీమీటర్లకు మించిన ఉక్కుకు సగటున 85 మైక్రాన్లు, 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల ఉక్కుకు 55 మైక్రాన్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. రెండోది విద్యుత్తుతో పూత పూసినది; హార్డ్‌వేర్ షాపులో తెల్లగానో పసుపుగానో మెరిసే బందులు, టవర్ బోల్టులు, స్క్రూలు ఎక్కువగా ఇవే, వాటి మీద జింకు 5 నుంచి 12 మైక్రాన్లకు మించదు. సి5 వాతావరణంలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు హరించుకుపోతుంది. భాగిస్తే 85 మైక్రాన్ల పూత పది నుంచి ఇరవై ఏళ్లు, 8 మైక్రాన్ల పూత ఒకటి రెండేళ్లు నిలుస్తాయి. ఒకే పేరుతో, ఒకే అలమారలో కనిపించే రెండు వస్తువుల మధ్య తేడా ఇది.

వేడి జింకు పూతకు రెండు షరతులున్నాయి. కోయడం, రంధ్రాలు చేయడం, వెల్డింగు చేయడం అన్నీ ముంచక ముందే పూర్తి కావాలి. ముంచిన గేటుకు ఇంటి దగ్గర మళ్లీ బందులు వెల్డింగు చేస్తే ఆ చుట్టూ జింకు కాలిపోతుంది, సరిగ్గా అత్యంత భారం పడే చోటే రక్షణ పోతుంది. తప్పనిసరై చేస్తే ఆ భాగాన్ని శుభ్రం చేసి జింకు అధికంగా ఉండే రంగును రెండు మూడు పూతలు వేయాలి. బందులను ముందే బోల్టులతో బిగించేలా డిజైను చేసుకుంటే ఈ బాధ ఉండదు, పాడైనప్పుడు ఒక్క బందునే మార్చుకోవచ్చు. తీరప్రాంతపు గేటుకు బోల్టు బందు అన్ని విధాలా మెరుగైన ఎంపిక అనడంలో సందేహం అక్కర్లేదు. రెండో షరతు కదిలే భాగాలకు సంబంధించినది: పిన్ను, బుష్ ఒరుసుకునే చోట జింకు పూత కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది, కనుక గేటు జింకుదే అయినా పిన్ను 316దిగా ఉండి, మధ్యలో నైలాను బుష్ ఉండడం మంచిది. రెడాక్సైడు మీద ఎనామిల్ పూసిన మామూలు ఇనుము గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒడ్డున అది ఏటా గీకి, ఏటా రంగు వేయించుకునే ఓపిక ఉన్నవారికే తగినది.

లోహాలను కలిపి వాడడంలో జరిగే నష్టం పైకి కనిపించదు. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే చిన్న బ్యాటరీ ఏర్పడి, వాటిలో బలహీనమైనది కరిగి బలమైనదాన్ని కాపాడుతుంది. కరిగే లోహం చిన్నదిగా, రెండోది పెద్దదిగా ఉంటే నష్టం కొన్ని రెట్లు వేగంగా జరుగుతుంది. పెద్ద స్టెయిన్‌లెస్ బందుకు నాలుగు మామూలు ఇనుప స్క్రూలు బిగించడం దీనికి నిఖార్సయిన ఉదాహరణ: బందు చెక్కుచెదరదు, స్క్రూలు తలలు ఊడిపోయి రాలిపోతాయి. తిరగేసి, పెద్ద అల్యూమినియం గేటుకు చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడితే మొత్తం మీద ప్రమాదం తక్కువ, కాని స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. నైలాను వాషరు, తొడుగు వేసి రెండింటినీ వేరు చేయాలి. స్టెయిన్‌లెస్ బందును మామూలు ఇనుప చట్రానికి వెల్డింగు చేయవలసి వస్తే మామూలు కడ్డీతో కాక 309ఎల్ అనే స్టెయిన్‌లెస్ వెల్డింగు కడ్డీతో చేసి, అతుకును ఇరువైపులా రంగుతో పూర్తిగా కప్పాలి.

అల్యూమినియం గేట్లు తీరంలో బాగానే నిలుస్తాయి, తేలికగా ఉండడం వల్ల బందుల మీద భారమూ తగ్గుతుంది. అయితే పౌడర్ కోటింగు వేసిన తర్వాత కోసిన అంచుల నుంచి, రంధ్రాల నుంచి పూత కింద పురుగు పాకినట్టు గీతలుగా క్షయం వ్యాపిస్తుంది. కోత పనులన్నీ పూతకు ముందే ముగించాలన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది. ఇత్తడి విషయంలో పాత ఇళ్ల అనుభవం మనవారికి నమ్మకాన్నిచ్చింది, అది చాలావరకు న్యాయమైనదే. చిలుము పడుతుంది గాని బిగుసుకుపోదు. జింకు శాతం ఎక్కువైన ఇత్తడి నుంచి ఉప్పునీరు జింకును లాగేసి, రాగి మాత్రమే మిగిలిన బోలు లోహాన్ని వదులుతుంది. పచ్చటి పసుపు స్థానంలో గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే జరుగుతున్నది ఇదేనని గుర్తించాలి. తాళాల్లో లోపలి సిలిండరు ఇత్తడిదై ఉంటే మంచిదే. జింకు మిశ్రమాన్ని అచ్చుపోసి, పైన క్రోమియం పూత పూసిన చవక పిడులు, గడియలు మాత్రం ఒడ్డున వద్దు. పూతలో సూదిమొనంత చిల్లు చాలు, లోపలి జింకు ఉబ్బి బుడగలుగా పైకి లేస్తుంది.

ఈత కొలను దగ్గర ఈ చర్చ మరో స్థాయికి చేరుతుంది. ఇంటి గేటు బిగుసుకుంటే ఇబ్బంది మాత్రమే. కొలను గేటు మూసుకోకపోతే పసిబిడ్డ ప్రాణానికి ముప్పు. అందుకే ఆస్ట్రేలియా ప్రమాణం ఎఎస్ 1926.1 కొలను చుట్టూ కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె ఉండాలని, గేటు కొలనుకు వ్యతిరేక దిశలో బయటికి తెరుచుకోవాలని, ఏ స్థితిలో వదిలినా తనంతట తాను మూసుకుని గడియ పడాలని నిర్దేశిస్తుంది. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ మార్గదర్శకాలు కూడా 48 అంగుళాల కంచెను, స్వయంగా మూసుకునే గేటును సూచిస్తూ, గడియ విడిపించే మీట గేటు అడుగు నుంచి 54 అంగుళాల ఎత్తులో ఉండాలంటాయి. అంతకన్నా కిందనైతే అది కొలను వైపున, బయటి నుంచి పిల్లల చేయి అందకుండా ఉండాలి. సిడ్నీ, మెల్‌బోర్న్, టెక్సస్, ఫ్లోరిడాల్లో కొలను ఉన్న ఇళ్లలో నివసించే తెలుగు కుటుంబాలు ఈ నియమాల పరిధిలోకి వస్తాయి. స్థానిక చట్టం ప్రాంతాన్ని బట్టి మారుతుంది గనుక దాన్ని విడిగా చూసుకోవాలి. మన అపార్టుమెంట్లలో, విల్లాల్లో కొలను గేటుకు మామూలు టవర్ బోల్టు బిగించి వదిలేయడం తరచుగా కనిపిస్తుంది. చట్టం అడిగినా అడగకపోయినా పసిపిల్లలున్న ప్రతి చోటా పై నియమాలను పాటించడమే సరైనది.

స్వయంగా మూసుకునే గేటుకు గుండెకాయ వంటిది స్ప్రింగు. తుప్పు దాని మీద రెండు వైపుల నుంచి దాడి చేస్తుంది: బందులో రాపిడి పెరుగుతుంది, స్ప్రింగు బలం తగ్గుతుంది. గేటు ఒకప్పటిలాగే మూసుకుంటున్నట్టు కనిపిస్తూనే, గడియ పడడానికి ఒక అంగుళం ముందు ఆగిపోవడం మొదలవుతుంది. దూరం నుంచి చూస్తే అది మూసి ఉన్న గేటే. పిల్లవాడు తోస్తే తెరుచుకునే గేటు. అందువల్ల కొలను గేటుకు లోహపు పిన్ను లోహపు బుష్‌లో తిరిగే బందు కన్నా, గాజు నార కలిపిన నైలాను దేహంలో స్టెయిన్‌లెస్ స్ప్రింగు దాగి ఉండే బందు మెరుగైనది. దానిలో రాపిడి ఉపరితలం తుప్పు పట్టదు, బిగువును స్క్రూడ్రైవరుతో సరిచేసుకోవచ్చు. గడియల్లో కూడా స్ప్రింగు నాలుక గలవాటి కన్నా అయస్కాంతంతో పట్టుకునేవి నమ్మదగినవి, ఎందుకంటే వాటిలో మూసుకునే క్షణంలో ఒరుసుకునే యాంత్రిక భాగం ఉండదు. ప్లాస్టిక్ అన్న మాటతో నాణ్యత తక్కువని భావించే అలవాటు ఈ ఒక్క చోటైనా మానుకోవాలి. ఎండకు పెళుసుబారకుండా అతినీలలోహిత కిరణాలను తట్టుకునే రకమా కాదా అన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి.

సముద్రం లేని హైదరాబాద్‌లోనూ కొలను తన చుట్టూ చిన్న తీరాన్ని సృష్టిస్తుంది. ఉప్పునీటి నుంచి క్లోరిన్‌ను తయారుచేసే యంత్రం ఉన్న కొలనులో లీటరుకు 3 నుంచి 4 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇది సముద్రపు నీటిలో దాదాపు పదో వంతు. చిందిన నీరు ఆరిన ప్రతిసారీ గేటు అడుగు బందు మీద ఉప్పు మిగిలి పేరుకుంటుంది. అంతకన్నా హానికరమైనది మందుల గది. నీటి ఆమ్లతను సరిచేయడానికి వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు డబ్బా మూత సరిగా పడకపోతే, వచ్చే ఆవిరి కొన్ని అడుగుల దూరంలోని 316 సామానును కూడా కొద్ది వారాల్లో గుంటలమయం చేస్తుంది. మందుల గది తలుపు, కొలను గేటు పక్కపక్కనే ఉండకూడదు. ఇంటి పని పూర్తయ్యాక టైల్స్ మీది సిమెంటు మరకలు వదిలించడానికి మన పనివారు వాడే ‘యాసిడ్’ కూడా ఇదే. కొత్త స్టెయిన్‌లెస్ గేటు గృహప్రవేశం నాటికే మచ్చలు పడడానికి ఇది ఒక మామూలు కారణం.

మూసి ఉన్న గదిలోని కొలనులకు అదనపు హెచ్చరిక అవసరం. 1985 మే నెలలో స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్ పట్టణంలో ఈత కొలను మీది కాంక్రీటు లోకప్పు కూలి 12 మంది మరణించారు. దాన్ని వేలాడదీసిన స్టెయిన్‌లెస్ కడ్డీలు పైకి పెద్దగా తుప్పు కనిపించకుండానే లోలోపల చీలికలు పడి తెగిపోయాయి. క్లోరైడు, తన్యతా భారం కలిసినప్పుడు ఏర్పడే ఈ చీలికలు సాధారణంగా 50, 60 డిగ్రీల పైనే వస్తాయని అప్పటిదాకా భావించేవారు. మూసిన కొలను గాలిలో, కడగని లోహం మీద చేరే క్లోరిన్ సమ్మేళనాల వల్ల గది వేడిమిలోనే వచ్చాయి. ఆ తర్వాత ఐరోపా నిర్మాణ ప్రమాణాలు అటువంటి చోట భారం మోసే భాగాలకు 304ను గాని 316ను గాని నమ్మకుండా, మాలిబ్డినం బాగా ఎక్కువగా ఉన్న ప్రత్యేక రకాలనే అనుమతించాయి. గేటు బందు లోకప్పు కాదు, తెగితే అంత విపత్తు జరగదు. అయినా నిరంతరం బిగువులో ఉండే స్ప్రింగుకు ఇదే గతి పట్టవచ్చు గనుక, లోపలి కొలనుల్లో స్ప్రింగును కంటికి బాగున్నా నియమిత కాలానికి మార్చడం అవసరం.

అమ్మకందారులు చూపించే ‘సాల్ట్ స్ప్రే’ గంటల విషయంలో కొంత జాగ్రత్త కావాలి. 35 డిగ్రీల వద్ద 5 శాతం ఉప్పునీటిని నిరంతరాయంగా చల్లే ఈ పరీక్ష ఒకే రకం పూతల నాణ్యతను పోల్చడానికి పనికివస్తుంది. ఇన్ని గంటలు అంటే ఇన్ని ఏళ్లు అని మార్చి చెప్పడానికి ఆధారం లేదు, ఎందుకంటే నిజమైన తీరంలో తడవడం, ఆరడం, ఎండ తగలడం మారి మారి జరుగుతాయి. అయినా తలుపుల సామానుకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 1670 ఇచ్చే తరగతులు ఒక కనీస హద్దుగా ఉపయోగపడతాయి: నాలుగో తరగతి 240 గంటలు, ఐదో తరగతి 480 గంటలు. ఏ తరగతో రాయని పెట్టె మీద ‘రస్ట్ ప్రూఫ్’ అన్న మాటకు విలువ లేదు.

పై విషయాలన్నీ ఆర్డరు చీటీలో రాతపూర్వకంగా ఉండాలి. ‘ఎస్ఎస్ బందులు’ అని కాక ‘316 బందులు, 316 పిన్ను, నైలాను బుష్, ఎ4 బోల్టులు, వెల్డింగు కందుదనం తొలగించాలి’ అని రాయించుకుంటే, ధర విషయంలో ఇద్దరికీ ఒకే అవగాహన ఉంటుంది. తర్వాత పరీక్ష చేయించినప్పుడు అడిగే హక్కూ ఉంటుంది. ఖర్చు తగ్గించుకోక తప్పనప్పుడు గేటు పలకల డిజైనులో తగ్గించాలి, రేకును జింకు పూతదిగా మార్చుకోవాలి. బందులు, గడియ, బోల్టుల దగ్గర ఒక్క మెట్టు కూడా దిగకూడదు.

సామాను ఎంత మంచిదైనా ఉప్పును కడగకపోతే దాని ఆయుష్షు బాగా తగ్గుతుంది. ఒడ్డున ఉన్న ఇళ్లలో వారానికి ఒకసారి, కాస్త లోపల నెలకు ఒకసారి బందులను, గడియను మంచినీటితో కడిగి గుడ్డతో తుడవడం చాలు. మంచినీరు అన్నది ఇక్కడ ముఖ్యం. తీరంలో చాలా బోర్లలో నీరు ఉప్పగా ఉంటుంది, ఆ నీటితో కడిగితే ఉప్పును చేర్చడమే అవుతుంది, కాబట్టి కుళాయి నీరో వాన నీరో వాడాలి. గిన్నెలు తోమే ఇనుప పీచును స్టెయిన్‌లెస్ మీద వాడితే దాని తునకలు అంటుకుని తుప్పు పడతాయి. బ్లీచింగు ద్రావణం కూడా పనికిరాదు. లోహపు పిన్నులకు నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజును వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పెట్టాలి. వాడేసిన ఇంజను నూనె ఇసుకను పట్టి ఉంచి అరుగుదలను పెంచుతుంది. నైలాను బందులకు గ్రీజు అవసరం లేదు.

కొలను గేటుకు దీనితోపాటు నెలనెలా ఒక పరీక్ష కావాలి. గేటును పూర్తిగా తెరిచి వదలాలి, తర్వాత సగం తెరిచి, చివరగా గడియ నుంచి చేతి వెడల్పు దూరంలో నిశ్చలంగా ఉంచి వదలాలి. మూడు సార్లూ తనంతట తాను మూసుకుని గడియ పడాలి. మూడోసారి ఊగిసలాడి ఆగిపోతే ఆ రోజే బిగువు సరిచేయాలి, కుదరకపోతే బందు మార్చాలి, మార్చేదాకా ఆ గేటుకు తాళం వేసి ఉంచాలి.